లైసెన్సు రివాల్వర్‌ను ఎన్నాళ్లకోసారి శుభ్రం చేయాలి?

మీరు అడిగింది ఇది. కాకినాడలో ఉంటున్నారు. నిరుడు లైసెన్సు మీద కాన్పూరు .32 రివాల్వర్ కొన్నారు. రేంజికి వెళ్లి ఒక్కసారే కాల్చారు, మిగతా రోజులంతా అది బీరువాలోనే ఉంది. ఏడాదికోసారి నూనె రాస్తే చాలని అమ్మిన డీలరు చెప్పారు. వారం వారం విప్పి తుడవాల్సిందేనని మీ బావగారు అంటున్నారు. ఎవరి మాట వినాలి?

ఇద్దరి మాటా వద్దండి. మీ ఊరికి, మీ వాడకానికి సరిపోయే లెక్క ఇది. కాల్చిన ప్రతిసారీ ఆ రోజే శుభ్రం చేయాలి. కాల్చకపోయినా నెలకోసారి బయటికి తీసి, చూసి, తుడిచి, పలుచగా నూనె పట్టించాలి. నడుముకు పెట్టుకుని తిరిగిన రోజున ఇంటికి రాగానే పైన తుడవాలి. లోపలి యంత్రాంగం జోలికి మాత్రం మీరు వెళ్లవద్దు. మీరు అనంతపురంలోనో హైదరాబాదులోనో ఉండి ఉంటే, బీరువాలోని ఆయుధానికి మూడు నెలలకోసారి సరిపోతుంది, వానాకాలంలో నెలకోసారి అని చెప్పేవాణ్ని. సముద్రం పక్కన ఆ వెసులుబాటు లేదు.

నేను పోలీసు శాఖలో ఆర్మరర్‌గా, అంటే ఆయుధాలు చూసుకుని బాగుచేసేవాడిగా, పనిచేసి రిటైరయ్యాను. ఆయుధాలు భద్రపరిచే గదిలో, మేం బెల్ ఆఫ్ ఆర్మ్స్ అనేవాళ్లం, .410 మస్కెట్లు, .303 రైఫిళ్లు, .38 రివాల్వర్లు, 9 ఎంఎం పిస్తోళ్లు అన్నీ నా చేతుల మీదుగా వెళ్లాయి. ఇప్పటికీ తెలిసినవాళ్లు తమ లైసెన్సు ఆయుధాలు తెచ్చి చూపిస్తుంటారు. వీటన్నిటిలో కాల్చి కాల్చి అరిగిపోయినవి చాలా తక్కువ. పెట్టిన చోటే పెట్టి మరిచిపోతే పాడైనవే ఎక్కువ. మన దగ్గర లైసెన్సుదారులు ఏడాదికి పట్టుమని పాతిక తూటాలు కూడా కాల్చరు. అంటే మీ రివాల్వర్‌కు అసలు శత్రువు బారెల్‌లోని మసి కాదు. చెమట, ఉప్పుగాలి, తోలు సంచి, ఈ మూడూనే.

తోలు సంచి సంగతి ముందు చెబుతాను, ఎందుకంటే ఎక్కువమంది పాడుచేసుకునేది దానివల్లే. కోనసీమ నుంచి ఒక రైతు తన రివాల్వర్ తెచ్చారు. కొన్నప్పుడు ఇచ్చిన హోల్‌స్టర్‌లోనే పెట్టి, దాన్ని గుడ్డలో చుట్టి, బీరువా లాకర్‌లో ఎంతో భద్రంగా ఉంచారు. బయటికి తీస్తే ఒక వైపు కొత్తదానిలా నల్లగా మెరుస్తోంది. తోలు ఆనిన రెండో వైపు బారెల్ మొదలు నుంచి సిలిండర్ దాకా ఎర్రటి మచ్చలు. సంచి కుట్టు ఎక్కడెక్కడ తగిలిందో ఆ దారపు పోట్లు కూడా తుప్పులో వరసగా అచ్చు పడ్డాయి. తోలును పదును చేసినప్పుడు వాడిన లవణాలు అందులో ఉండిపోతాయి, పైగా అది గాలిలోని తేమను పీల్చి పట్టి ఉంచుతుంది. హోల్‌స్టర్ మోయడానికి మాత్రమే, దాచడానికి కాదు. స్పాంజి పరిచిన పెట్టెలదీ ఇదే కథ. స్పాంజి తడిని వదలదు.

మరి ఎలా దాచాలి? పలుచగా నూనె పట్టించి, ఉతికిన నూలుగుడ్డ మీద ఉంచి, పక్కన రెండు మూడు సిలికా జెల్ పొట్లాలు పెట్టండి. ఆ పొట్లాలు శాశ్వతంగా పనిచేయవు. రంగు మారే రకం కొంటే ఎప్పుడు ఆరబెట్టాలో తెలుస్తుంది. ప్లాస్టిక్ కవరులో గట్టిగా మూటకట్టవద్దు. లోపల చిక్కుకున్న తేమ చల్లబడినప్పుడు చెమ్మగా మారి లోహం మీదే కూర్చుంటుంది.

నెలకోసారి చేయాల్సిన పని పదిహేను నిమిషాలకు మించదు. అందులో సగం సమయం చూడడానికే. కిటికీ వెలుతురులో పట్టుకుని నాలుగు చోట్ల చూడండి: బారెల్ మూతి, సిలిండర్ ముందు అంచు, ట్రిగ్గర్ గార్డు లోపలి వంపు, పిడి చెక్కలు లోహాన్ని తాకే గీత. తుప్పు మొదట కనిపించేది ఈ నాలుగింటిలోనే. ఎక్కువగా పిడి అంచు దగ్గర మొదలవుతుంది, మన అరచేయి చెమట చేరేది అక్కడే కాబట్టి. కొందరి చెమటలో ఉప్పు ఎక్కువ. అలాంటివారు ముట్టుకున్న ఉక్కు మీద వేలిముద్రలు రెండు రోజుల్లో గోధుమరంగులో తేలిరావడం నేను చూశాను. చూడడం అయ్యాక నూనె చుక్క వేసిన గుడ్డతో అంతా తుడిచి, ఆ తరువాత ఒట్టి చేత్తో ముట్టుకోకుండా గుడ్డతోనే లోపల పెట్టండి.

ఏ పని మొదలుపెట్టినా ముందు ఖాళీ చేయాలి. "గన్ను తుడుస్తుండగా పేలి మృతి" అనే వార్త చదివిన ప్రతిసారీ నాకు కడుపులో దేవినట్టవుతుంది. ఖాళీ ఆయుధం పేలదు. రివాల్వర్ తెరిచి, సిలిండర్‌లో తూటాలు కూర్చునే ఆరు ఛాంబర్లూ కళ్లతో చూసి, చిటికెన వేలి కొనతో తడిమి, తూటాలను వేరే గదిలో పెట్టి తలుపు వేసి రండి. మధ్యలో ఫోను వచ్చి లేచి వెళ్తే, తిరిగి వచ్చాక మళ్లీ మొదటినుంచి చూడండి. పిల్లలు ఇంట్లో లేని సమయంలో చేయండి. లైసెన్సు లేని పనివాడికి "కాస్త తుడిచి పెట్టు" అని ఇవ్వకండి. లైసెన్సు మీ పేరు మీద ఉంది, ఆయుధం మీ చేతిలోనే ఉండాలి.

ఇక కాల్చిన రోజు చేసే శుభ్రం. మీ కాన్పూరు రివాల్వర్ పాత వెబ్లీ పద్ధతిలో నడుము దగ్గర విరిగి తెరుచుకునే రకం. పైనున్న లాచ్ నొక్కి బారెల్‌ను కిందికి వంచితే మధ్యలోని ఎక్స్‌ట్రాక్టర్ నక్షత్రం పైకి లేచి కాలిన తూటాల ఖాళీ కేసులు ఆరింటినీ ఒకేసారి నెట్టేస్తుంది. దీనివల్ల మీకొక సౌకర్యం ఉంది. సిలిండర్ పక్కకు తెరుచుకునే రివాల్వర్లలో రాడ్‌ను మూతి వైపు నుంచే దూర్చాలి. మీరు మాత్రం వెనుక వైపు నుంచి పెట్టవచ్చు. మూతి అంచు అరగకుండా ఉంటుంది. ఆ అంచు మీద చిన్న గంటు పడినా గుండు వంకరగా వెళ్తుంది, కాబట్టి ఇది చిన్న విషయం కాదు.

బారెల్‌లోకి ముందు సాల్వెంట్‌లో, అంటే మసిని కరిగించే ద్రవంలో, తడిపిన గుడ్డ పంపి పది నిమిషాలు వదిలేయండి. తరువాత కొలతకు సరిపోయే కంచు తీగల బ్రష్షును ఈ చివరి నుంచి ఆ చివరి దాకా పూర్తిగా తోసి, మళ్లీ వెనక్కి లాగండి. మధ్యలో దిశ మార్చవద్దు, తీగలు వంగిపోతాయి. గుడ్డ తెల్లగా వచ్చేదాకా ఆరిన గుడ్డలు పంపి, చివర నూనె గుడ్డ ఒకటి. ఆరు ఛాంబర్లకూ ఇదే. సీసపు గుళ్లు కాలిస్తే బారెల్ మొదట్లో, గుండు సిలిండర్ దాటి లోపలికి దూకే చోట, బూడిదరంగు పొర అంటుకుంటుంది. అక్కడ బ్రష్షు మరికొంచెం ఎక్కువసేపు తిప్పాలి. సిలిండర్ ముందు ముఖం మీద నల్లటి వలయాలు మిగిలిపోతే బాధపడకండి. అవి ఉన్నా నష్టం లేదు. వాటిని పోగొట్టాలని గీకితే పైపూత పోతుంది.

అందరూ వదిలేసే చోటు ఒకటుంది. ఎక్స్‌ట్రాక్టర్ నక్షత్రం కింద శుభ్రం చేయండి. ఒకాయన తన రివాల్వర్ ట్రిగ్గర్ బిగుసుకుపోయిందని, సిలిండర్ తిరగడం లేదని, స్ప్రింగు మార్చాలేమోనని తెచ్చారు. నక్షత్రాన్ని పైకి లేపి చూస్తే దాని కింద కాలని మందు గింజలు రెండు మూడు నలిగి గట్టిపడి ఉన్నాయి. నక్షత్రం వెంట్రుకవాసి పైకి లేచే ఉంది. దాంతో తూటాల అడుగులు వెనుక పలకకు రాసుకుంటున్నాయి. పాత పళ్లబ్రష్షుతో రెండు దులుపులు దులిపితే గడియారం ముల్లులా తిరిగింది. ఖాళీ కేసులు తోసేటప్పుడు మూతి ఆకాశం వైపు ఉంచి తెరిస్తే ఈ గింజలు కిందికి రాలిపోతాయి. నేలవైపు ఉంచి నెడితే నక్షత్రం కిందికే చేరతాయి. నక్షత్రం కింద నూనె వేయకండి, ఆరిన బ్రష్షు చాలు. నూనె ఉంటే తరువాతి గింజలు అక్కడే అతుక్కుంటాయి.

ఆ రోజే ఎందుకు, వారాంతంలో చేస్తే కాదా అని కొందరు అడుగుతారు. ఇప్పటి తూటాలతో ఒకటి రెండు రోజులు ఆగినా కొంప మునగదు. తూటా అడుగున దెబ్బకు ముందుగా అంటుకునే మందును ప్రైమర్ అంటారు. పాతకాలపు ప్రైమర్లలో పొటాషియం క్లోరేట్ ఉండేది. అది మండాక మిగిలే పొటాషియం క్లోరైడ్ మన వంటింటి ఉప్పులాంటిదే. గాలిలో తేమను లాక్కుని రాత్రికి రాత్రే బారెల్ గాడులను తినేస్తుంది. నూనెలో అది కరగదు, నీళ్లలోనే కరుగుతుంది. అందుకే .303 రోజుల్లో కాల్పులు అయ్యాక బారెల్‌లో మరిగే నీళ్లు పోసి, వేడికే అది ఆరిపోయాక గుడ్డ కట్టిన తాడు (పుల్ త్రూ) లాగి నూనె పట్టించేవారు. మీ దగ్గరున్న తూటాలు ఏ కాలానివో తెలియకపోతే, తాతలనాటి పెట్టెలోవైతే, వాటిని కాల్చకపోవడమే మేలు. తప్పక కాలిస్తే ఆ రోజే వేడినీళ్ల పద్ధతి పాటించండి.

నూనె గురించి. గన్ ఆయిల్ చిన్న సీసా ఏళ్లకు ఏళ్లు వస్తుంది, అందులో పొదుపు చూడవద్దు. కొబ్బరినూనె వాడేవారిని చాలామందిని చూశాను. అది కొన్నాళ్లకు జిగురుగా మారుతుంది, చలికాలంలో గడ్డకడుతుంది, దుమ్మును పట్టుకుంటుంది. వంటనూనెలన్నీ అంతే. కిరోసిన్ మసిని బాగా వదిలిస్తుంది కానీ లోహాన్ని రక్షణ లేకుండా వదిలేస్తుంది. వాడితే ఆ వెంటనే ఆరతుడిచి నూనె పట్టించాలి. డబ్ల్యూడీ-40 తడిని తరిమేందుకు మంచిది, వానలో తడిసి వచ్చిన రోజున పనికొస్తుంది. నెలల తరబడి కాపాడే నూనె మాత్రం అది కాదు. కుట్టుమిషను నూనె అత్యవసరానికి ఫరవాలేదు, పలుచన కాబట్టి త్వరగా జారిపోతుంది.

ఎక్కువ నూనె తక్కువ నూనె కన్నా మంచిదేమీ కాదు. వేలితో రాస్తే జాడ కనిపించాలి, కారకూడదు. కారే నూనె ఛాంబర్‌లో చేరి తూటా వెనుకనున్న ప్రైమర్‌లోకి ఇంకితే, అవసరమైన క్షణంలో టక్కుమని శబ్దం మాత్రమే వస్తుంది. ఛాంబర్లు ఆరతుడిచాకే తూటాలు పెట్టాలి.

తూటాల సంగతి అడగలేదు కానీ, ఆయుధం శుభ్రంగా ఉండి తూటా పాడైతే ఏం లాభం? తోలు బెల్టు గూళ్లలో ఉంచిన తూటాలకు పచ్చగా చిలుము పడుతుంది. చిలుము పట్టినవాటిని చింతపండుతోనో ఇత్తడి పాలిష్‌తోనో తోమి మెరిపించే ప్రయత్నం వద్దు. చాలా పాలిష్‌లలో అమ్మోనియా ఉంటుంది. అమ్మోనియా ఇత్తడిని పగలగొడుతుంది. ఇది మన దేశంలోనే బయటపడిన విషయం. బ్రిటిష్ వారి సైన్యం వానాకాలంలో తూటాలను గుర్రపుశాలల్లో నిలవచేస్తే, గుర్రాల మూత్రం నుంచి వచ్చిన అమ్మోనియాకు ఇత్తడి కేసులు నిలువునా చీలిపోయేవి. ఎందుకో తేల్చుకోవడానికి శాస్త్రజ్ఞులకు 1921 దాకా పట్టింది. చిలుము పట్టిన తూటాలను వేరుచేసి, డీలరును అడిగి పద్ధతి ప్రకారం వదిలించుకోండి.

తుప్పు కనిపిస్తే ఏం చేయాలి? పైపైన ఎర్రటి పొడిలా ఉంటే నూనెలో నానబెట్టిన గుడ్డతో ఓపికగా రుద్దండి, పోతుంది. గరుకు కాగితం మాత్రం ముట్టుకోవద్దు. పూత పోవడం ఒక నష్టం. నంబరు అరిగిపోవడం నేరం దాకా వెళ్తుంది. 1959 ఆయుధాల చట్టం 8వ సెక్షను ప్రకారం ఆయుధం మీది గుర్తింపు అంకెలను చెరపడం, మార్చడం నిషిద్ధం. చెరిగిన నంబరుతో ఆయుధం దొరికితే అది దగ్గరున్నవారే చెరిపారని భావిస్తారు, కాదని నిరూపించుకోవాల్సింది మీరే. తుప్పు వదిలిద్దామని మంచి మనసుతో రుద్ది, లైసెన్సు రెన్యువల్ సమయంలో తనిఖీలో సమాధానం చెప్పలేక ఇబ్బంది పడినవారు ఉన్నారు. నంబరు దగ్గర తుప్పు ఉంటే గన్‌స్మిత్‌కే చూపించండి.

క్యాలెండరుతో సంబంధం లేకుండా శుభ్రం చేయాల్సిన సందర్భాలు మనకు రెండున్నాయి. మొదటిది దసరా. ఆయుధపూజలో గంధం, పసుపు, కుంకుమ తడిపి బొట్లు పెడతాం, పూలమాల వేస్తాం, కొబ్బరికాయ నీళ్లు చిలకరిస్తాం. మా బెల్ ఆఫ్ ఆర్మ్స్‌లోనూ ఏటా భక్తిగా చేసేవాళ్లం. ఆ తడి బొట్టు రాత్రంతా ఉంటే దాని ఆకారంలోనే తుప్పు మచ్చ మిగులుతుంది. పూజ ముగిసి హారతి అయ్యాక ఆ సాయంత్రమే తుడిచి నూనె పట్టించే బాధ్యత ఒకరికి అప్పగించేవాళ్లం. మీ ఇంట్లో బొట్టు పిడి చెక్క మీద పెట్టండి, ఉక్కు మీద వద్దు. అమ్మవారు ఏమీ అనుకోదు.

రెండోది ఎన్నికలు. షెడ్యూలు రాగానే ఆయుధాలు స్టేషనులో డిపాజిట్ చేయమని కబురు వస్తుంది. 2024లో షెడ్యూలు మార్చి 16న వచ్చింది, ఓట్ల లెక్కింపు జూన్ 4న జరిగింది. రెండున్నర నెలలకు పైగా, అదీ నడివేసవిలో, ఎందరివో ఆయుధాలు చీటీలు కట్టుకుని ఒకే గదిలో పడి ఉన్నాయి. అక్కడి సిబ్బంది ఒక్కొక్కదానికి నూనె రాస్తారని ఆశించడం న్యాయం కాదు, వాళ్ల మీదున్న పని అంతటిది. ఇచ్చే ముందు రోజు మీరే శుభ్రం చేసి, మామూలుకన్నా కొంచెం ఎక్కువ నూనె పట్టించి, తోలు సంచి ఇంట్లో ఉంచి, నూనెగుడ్డలో చుట్టి ఇవ్వండి. నాలుగు వైపులా ఫోటోలు తీసుకోండి, రసీదు జాగ్రత్త. తిరిగి తెచ్చుకున్న రోజున తూటా పెట్టే ముందు బారెల్‌లోకి వెలుతురు చూడండి. నిలవున్న ఆయుధాల బారెళ్లలో కందిరీగలు మట్టి గూళ్లు కట్టడం నేను చూశాను. అడ్డున్న బారెల్‌తో కాలిస్తే అది ఉబ్బిపోతుంది, పగిలినా పగులుతుంది.

మీ బావగారి "వారం వారం విప్పడం" గురించి ఒక మాట. అతిగా విప్పడం కూడా పాడుచేయడమే. రివాల్వర్ స్క్రూలు సన్నని గాడులవి. సరిపోని స్క్రూడ్రైవర్‌తో నాలుగుసార్లు తిప్పితే అంచులు చితికిపోతాయి. లోపలి స్ప్రింగు ఎగిరి పడితే తిరిగి అమర్చడం అనుభవం లేనివారి తరం కాదు. వాడకం తక్కువైతే రెండు మూడేళ్లకోసారి లైసెన్సున్న గన్‌స్మిత్‌తో లోపల శుభ్రం చేయిస్తే చాలు. ఇంట్లో వారం వారం చేయదగిన పని తూటాలు, తాళం ఉన్నచోట ఉన్నాయో లేదో చూసుకోవడమే.

వేరే ఆయుధాలున్నవారి కోసం రెండు ముక్కలు. ‘అశని’ అనే దేశవాళీ మోడల్ వంటి .32 పిస్తోలు ఉంటే స్లైడ్ విప్పి జారే గాడుల మీద ఒక్కో చుక్క నూనె, తూటా ఎక్కే వాలు, ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం శుభ్రం, మ్యాగజైన్ లోపల మాత్రం నూనె వద్దు. 2014లో వచ్చిన నిర్భీక్ రివాల్వర్ ఉన్నవారు అది టైటానియం మిశ్రమలోహమని, తుప్పు పట్టదని ధీమాగా ఉంటారు. లోపలి స్ప్రింగులు ఉక్కువే, వాటికి కాకినాడ గాలి ఒకటే. గచ్చిబౌలి రేంజిలో .22 పిస్తోలు సాధన చేసే పిల్లలకు ఈ లెక్క వర్తించదు. .22 బారెల్‌ను ఇత్తడి బ్రష్షులతో రోజూ తోమితే గురి చెదురుతుంది. వాళ్లు ఛాంబర్, బోల్టు ముఖం రోజూ తుడిచి, బారెల్ విషయంలో కోచ్ మాట వినాలి.

పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోండి, వేసుకున్న చొక్కా ఉతకడానికి వేయండి. మసిలో సీసం ఉంటుంది. వాడిన గుడ్డలు వంటింటి చెత్తలో వేయకండి.

మీరు రేంజి నుంచి వచ్చాక బారెల్ శుభ్రం చేశారో లేదో రాయలేదు. చేయకపోతే ఇవాళే చేయండి. గాడుల మధ్య నల్లటి చుక్కలు కనిపించి, సాల్వెంట్‌తో రెండు పూటలు నానబెట్టినా కదలకపోతే అది మసి కాదు, తుప్పు తిన్న గుంట. అలాంటివి ఒకటి రెండు ఉంటే నెలనెలా నూనెతో అక్కడికి ఆపవచ్చు. ఛాంబర్‌లో ఉండి ఖాళీ కేసు పట్టేస్తుంటే, హ్యామర్ ఎక్కించినప్పుడు సిలిండర్ అటూ ఇటూ ఊగుతుంటే, లాచ్ బిగువు తగ్గి బారెల్ దానంతట అదే తెరుచుకుంటుంటే మాత్రం ఒక్క తూటా కూడా కాల్చకుండా గన్‌స్మిత్ దగ్గరికి తీసుకెళ్లండి. లైసెన్సు పుస్తకం వెంట ఉంచుకోండి, అప్పగించినప్పుడు రసీదు రాయించుకోండి.